పాపను ఇవ్వనంటే పొగరు అంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: మా పాపకు 8 నెలలు. పోయిన నెల పుట్టింటి నుంచి, సామర్లకోటలో రైలెక్కి ఒక్కదాన్నే సికింద్రాబాద్ వచ్చాను. పాలసీసా తీద్దామని సంచిలో వెతుక్కుంటుంటే ఎదురు సీటులో పెద్దావిడ "ఇటివ్వమ్మా" అని, నేను ఔనో కాదో అనేలోపే పాపను తీసేసుకున్నారు. అక్కడితో ఆగకుండా రెండు వరసలు అవతలికి తీసుకెళ్లి ఎవరెవరికో చూపించి, టీలో ముంచిన బిస్కెట్ నోట్లో పెట్టారు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది, నాకేమో నోరు పెగల్లేదు. చివరికి వెళ్లి తెచ్చుకుంటే "ఈ కాలం పిల్లలకు మనుషులంటే నమ్మకమే లేదు, సాయం చేస్తే పొగరు చూపిస్తారు" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లూ ఆమెకే వత్తాసు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన "పెద్దావిడ కదా, కాసేపు ఎత్తుకుంటే ఏమైంది" అన్నాడు. వచ్చే నెల తమ్ముడి పెళ్లి, ఆయనకు సెలవు దొరకదు, మళ్లీ ఒక్కదాన్నే వెళ్లాలి. తలుచుకుంటేనే టెన్షన్. తప్పు నాదేనా?

జవాబు: మీ తప్పు ఏమీ లేదమ్మా. నోరు పెగలకపోవడం కూడా తప్పు కాదు. ఒడిలో ఉన్న బిడ్డ ఉన్నట్టుండి వేరేవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోతే ఎవరికైనా ఒక్క క్షణం ఏమీ తోచదు, పైగా ఎదురుగా ఉన్నది తల నెరిసిన మనిషి, పెద్దవాళ్లకు ఎదురు చెప్పొద్దని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం మనం.

ఆ పెద్దావిడ చెడ్డ మనిషి అయి ఉండకపోవచ్చు. మన రైళ్లలో చంటిబిడ్డ కనబడితే చాలు, పెట్టె మొత్తం చుట్టాలైపోతారు. కింది బెర్త్ ఇచ్చేసి తను పైకెక్కేవాళ్లు, చీర తెచ్చి ఊయల కట్టిచ్చేవాళ్లు నిజంగానే ఉన్నారు, వాళ్ల వల్లే ఎంతోమంది తల్లులు ఒంటరిగా ప్రయాణం చేయగలుగుతున్నారు. కానీ ఆవిడ మనసు మంచిదైనంత మాత్రాన చేసిన పని మంచిదైపోదు. అడక్కుండా బిడ్డను తీసుకోవడం, తల్లి కంటికి కనబడనంత దూరం తీసుకెళ్లడం, నోట్లో ఏదో పెట్టడం, ఈ మూడూ తప్పే. మీకు మంటెక్కిందంటే సబబుగానే ఎక్కింది.

కాబట్టి ముందు మీలో మీరు ఒక గీత గీసుకోండి. పాప ఒంటిని తాకేది, పాప నోట్లోకి వెళ్లేది మీరు ఒప్పుకుంటేనే జరగాలి, ఇందులో మొహమాటం లేదు. ఇది చాదస్తం అనేవాళ్లకు మీరు జవాబు చెప్పుకోనక్కర్లేదు గానీ మీ ధైర్యం కోసం చెబుతున్నాను. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. రైల్లో తిరిగే పల్లీలు, బఠాణీల్లాంటివి ఈ వయసు పిల్లల గొంతుకు అడ్డం పడతాయి. పెదవి మీద పొక్కు ఉన్న పెద్దవాళ్లు ముద్దు పెడితే ఆ పొక్కులోని వైరస్ పసివాళ్లకు అంటుకోవచ్చు, కొందరిలో అది చాలా ప్రమాదం. ఇంకొకటి, తట్టు-రుబెల్లా టీకా మొదటి డోసు మన ప్రభుత్వ పట్టిక ప్రకారం 9 నెలలు నిండాక వేస్తారు, అంటే మీ పాపకు అది ఇంకా పడి ఉండదు. పెళ్లి లోపు 9 నెలలు నిండుతాయేమో చూసుకుని, నిండితే ఆలస్యం చేయకుండా వేయించండి. పెళ్లింట్లో ఎంతమంది చేతులు మారుతుందో మీకు తెలుసు కదా.

ఈ గీత బయట ఉన్నవన్నీ పోనివ్వండి. "ఇంత ఎండలో టోపీ ఏమిటి", "ఇంకా ఉగ్గు పెట్టట్లేదా", "దిష్టిచుక్క పెట్టలేదేం", ఇలాంటి సలహాలకు "అలాగేనండీ" అనేసి ఊరుకుంటే సరిపోతుంది. ప్రతిదానికీ వాదిస్తూ కూర్చుంటే సికింద్రాబాద్ దాటేసరికే అలసిపోతారు, అసలు చోట గట్టిగా మాట్లాడే ఓపిక మిగలదు.

గట్టిగా అంటే అరవమని కాదు. "పాప నా దగ్గరే ఉంటుందండీ." అంతే, అక్కడితో ఆపేయండి. ఎందుకో చెప్పడం మొదలుపెట్టారా, ఆ కారణాన్ని పట్టుకుని ఎదుటివాళ్లు బేరమాడతారు: ఏడుస్తుందంటే "నా దగ్గర ఏడవదులే" అంటారు, జలుబంటే "మా మనవడికీ ఉండేది" అంటారు. మళ్లీ అడిగితే అదే మాట, అదే గొంతుతో. తినేవాటి విషయంలో మాత్రం "డాక్టరుగారు బయటివి పెట్టొద్దన్నారండీ" అనడంలో నాకేం అభ్యంతరం లేదు, డాక్టరు పేరు చెబితే మనవాళ్లు వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. తీసేసుకుంటే మాత్రం లేచి నిలబడి రెండు చేతులూ చాచి "ఇచ్చేయండి" అనండి. నవ్వుతూ అనక్కర్లేదు.

మరో సంగతి, ఇదే అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. సాయం చేద్దామని ఉబలాటపడేవాళ్లకు వేరే పని అప్పజెప్పండి. "పాప వద్దండీ, ఆ పెట్టె కొంచెం సీటు కిందికి తోస్తారా", "ఆ ఫ్లాస్కు మూత తీసిస్తారా", "చాయ్ అబ్బాయి వస్తే పిలవరూ". నిజంగా సాయం చేయాలనుకున్న మనిషి సంతోషంగా చేస్తారు, ఇద్దరికీ మనసు తేలికపడుతుంది. పెట్టె వైపు చూడకుండా పాపనే ఇమ్మని పట్టుబట్టేవాళ్లు ఉంటే వాళ్లతో జాగ్రత్త.

బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తే ఎలా అన్నది మీరు అడగలేదు గానీ ఒంటరిగా వెళ్లే తల్లులందరికీ అసలు దిగులు అదే. ముందుకు కట్టుకునే బేబీ క్యారియర్ ఒకటి కొనుక్కోండి, చేతులు ఖాళీగా ఉంటాయి, పాప మీ ఒంటికి కట్టి ఉంటే తీసుకోవడానికి ఎవరికీ చేతులు రావు. తప్పనిసరై ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే మనిషిని మీరే ఎంచుకోండి. చాచిన చేతుల్లో పెట్టకండి. అంతసేపూ పిల్లలతో కూర్చుని తన పని తాను చూసుకుంటున్న ఆవిడ ఎవరైనా ఉంటారు, ఆమెను అడగండి, ఎక్కడికీ తీసుకెళ్లకుండా అదే సీటులో ఉండమని చెప్పి వెళ్లండి. మీరు అడిగి తీసుకునే సాయానికీ, మీద పడే సాయానికీ చాలా తేడా ఉంటుంది.

టికెట్ తీసేటప్పుడు కింది బెర్త్ కోరుకోండి. 5 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, బెర్త్ కూడా ఇవ్వరు, కాబట్టి మీ బెర్త్‌లోనే ఇద్దరూ సర్దుకోవాలి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆ బెర్త్ పూర్తిగా మీదే, ఎవరైనా అంచున కూర్చుని ఉంటే లేవమని అడగొచ్చు. ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్ల కోసం రైల్వే రక్షణ దళం 2020 నుంచి 'మేరీ సహేలీ' అనే కార్యక్రమం నడుపుతోంది, మహిళా సిబ్బంది పెట్టెలోకి వచ్చి పలకరిస్తే మీ సీటు నంబరు చెప్పి ఉంచండి. ఎవరైనా హద్దు దాటితే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి, లేదా టీటీఈకి చెప్పండి. చంటిబిడ్డ తల్లి చెబితే ఎక్కువ చేస్తోందనుకుంటారేమో అని వెనకాడకండి. అనుమతి లేకుండా పాప ఫొటో తీస్తే, మీ ఎదుటే తీసేయమని అడగండి.

ఇక మీ ఆయన మాట. మీ ఉత్తరం చదివితే రైల్లో ఆవిడ అన్నదానికన్నా ఇదే మిమ్మల్ని ఎక్కువ గుచ్చిందనిపిస్తోంది. ఆయనకు తెలిసింది "ఎవరో పెద్దావిడ పాపను ఎత్తుకుంది" అన్న ఒక్క ముక్కే. పాప గుక్కపట్టడం, రెండు వరసల అవతల మీకు కనబడకపోవడం ఆయన చూడలేదు. పాప నిద్రపోయాక, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, జరిగింది జరిగినట్టు మొదటి నుంచి చెప్పండి. "నువ్వెప్పుడూ ఇంతే" అని మొదలుపెట్టకండి, అలా అంటే గొడవ ఆయన మీదికి వెళ్లి పాప సంగతి పక్కకు పోతుంది. చెప్పాక ఒక్కటే అడగండి: నలుగురిలో నేను పాపను ఇవ్వనంటే నువ్వు నా పక్షాన ఉండాలి, నీకు వేరే అభిప్రాయం ఉంటే ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. ఇది రేపు ఇద్దరూ కలిసి వెళ్లే పెళ్లిళ్లలోనూ పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ పాపను అడిగేవాళ్లు మేనత్తలు, పిన్నులు, "నాకు లేదా హక్కు" అనేవాళ్లు.

ప్రయాణం మానుకోకండి. తమ్ముడి పెళ్లి మళ్లీ రాదు. మీ ఆయనకు సెలవు లేకపోయినా స్టేషన్‌కు వచ్చి, పెట్టెలోకి ఎక్కి, సామాను సర్ది, చుట్టుపక్కల ఎవరున్నారో చూసి దిగమనండి. అటువైపు సామర్లకోటలో మీ పెట్టె ఆగే చోటుకే తమ్ముణ్ణో నాన్నగారినో రమ్మని కోచ్ నంబరు ముందే పంపండి, అక్కడ రైలు ఎక్కువసేపు ఆగదు.