నవల తిరిగొచ్చిందని గొలుసు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరి ఒలుపు కూలీల మీద నాలుగేళ్ళు కష్టపడి నవల రాశాను. ఇద్దరు ప్రచురణకర్తలు తిప్పి పంపారు. గొలుసు తాకట్టు పెట్టి సొంతంగా అచ్చేయించుకుంటానంటే మావారు ఒప్పుకోవడం లేదు. మా మధ్య మాటల్లేవు. తిండి సహించడం లేదు. ఇక రాయాలనే లేదు.

సలహా: అమ్మా, నాలుగేళ్ళ కష్టం వెనక్కొస్తే మనసు విరిగిపోతుంది. 'పోనీలే, ఇంకోటి రాయి' అనే మాట ఇప్పుడు చెవికెక్కదు. ఏడుపొస్తే ఏడవండి. గొలుసు జోలికి మాత్రం వెళ్ళకండి.

మీరు జతచేసిన ఉత్తరాలు రెండూ చదివాను. ఒకరు 'మా ప్రణాళికలో ఇమడదు' అన్నారు. అందులో మీ నవల గురించి ఒక్క ముక్క లేదు. ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టిన్ తొలినాళ్ళ నవలను వాళ్ళ నాన్నగారు 1797లో లండన్ ప్రచురణకర్తకు పంపుతానంటే, రాతప్రతి చూడకుండానే వద్దన్నారు. ఆవిడ దాన్ని తిరగరాసుకున్నారు. 1813లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'గా వచ్చింది అదే.

రెండో ఉత్తరం అలాంటిది కాదు. 'సత్తిబాబు అరచెయ్యి గునపానికి దిగబడిన దగ్గర్నుంచి కథ పట్టుకుంది, అంతకుముందు 80 పేజీలూ ఊరి వర్ణనే' అన్నారు. ఆయన కూర్చుని చదివారమ్మా! ఈ ఉత్తరమే మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టిందన్నారు, కానీ మీకు పనికొచ్చేది ఇదే. ఓ నెల ఆగి ఆ 80 పేజీలు పైకి చదువుకోండి. మీకే విసుగొచ్చిన చోట కొట్టేయండి.

సొంతంగా అచ్చేయించుకోవడం తప్పేం కాదు, తెలుగులో చాలామంది చేస్తున్నదే. కానీ పుస్తకాల షాపు కమిషన్ పోను చేతికొచ్చేది తక్కువ, అదీ ఆలస్యంగా. తాకట్టు వడ్డీ అప్పటిదాకా ఆగదు. తిరగరాశాక, మిగుల్చుకున్న డబ్బుంటే అప్పుడు ఆలోచించండి.

ఇక మీవారు. మీరు రాసుకునే రాత్రుళ్ళు పిల్లల్ని ఆయనే పడుకోబెట్టేవారని మీరే రాశారు. ఆయన కాదంటున్నది అప్పుని, మీ రాతని కాదని నాకనిపిస్తోంది. 'తాకట్టు మాట వదిలేస్తున్నాను, నవల వదలను' అని మీరే ముందు చెప్పండి. ఆయన ఇంతవరకూ ఒక్క పేజీ చదవలేదన్నారు కదా, సత్తిబాబు అధ్యాయం చేతిలో పెట్టండి.

రెండు వారాలైనా తిండి, నిద్ర కుదుటపడకపోతే డాక్టరుకి చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ఈ ఒక్కటీ వాయిదా వేయకండి.