కొత్త కందిరీగకు పేరు పెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

కోరంగి మడ అడవులకు ఇవతల, కాలువ గట్టున నువ్వు పట్టిన, గుంపుగా కాక ఒంటరిగా గూడు కట్టే కందిరీగ శాస్త్రానికి ఇంతవరకు తెలియనిదేమోనని రాసిన ఉత్తరం చేరింది. నీ అనుమానం నిజం కావాలనే నా కోరిక. అయినా బారసాలకు తొందరపడవద్దు.

అన్నిటికంటే ముందు రంగును నమ్మడం మానుకో. మట్టిగూళ్లు కట్టే కందిరీగల్లో ఒకే జాతికి పసుపు పట్టీలు ఒకచోట వెడల్పుగా, మరోచోట సన్నగా ఉంటాయి. పిల్లదశలో దొరికిన మేతను బట్టి ఒళ్లు కూడా చిన్నదో పెద్దదో అవుతుంది. ఆడదీ మగదీ వేరు జాతులేమో అన్నంత తేడాగా ఉండడమూ కద్దు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి జంటను నేను రెండు జాతులుగా రాసిపెట్టుకున్నాను. మరుసటి ఏడు మా వసారా చూరు కింద ఒకే గూటిలోంచి రెండూ బయటికి వచ్చాయి. తలమీది మీసంలో, అంటే స్పర్శశృంగంలో, మగదానికి 13, ఆడదానికి 12 ఖండితాలు ఉంటాయి. అవి లెక్కపెట్టి ఉంటే నాకు అనుమానమైనా వచ్చేది.

అందుకే గూడు దొరకడాన్ని నేను అదృష్టంగా భావిస్తాను. మన పెద్దలు చెప్పిన భ్రమరకీటక న్యాయం ఇలాంటి గూటిని చూసే పుట్టిందని నా నమ్మకం. నిజానికి పురుగు భ్రమరంగా మారదు. తల్లి కుట్టి, కదలకుండా చేసి తెచ్చిపెట్టిన గొంగళిపురుగునో, కొన్ని ప్రజాతుల్లో సాలెపురుగునో తిని పిల్ల ఎదుగుతుంది. గూటిని పగలకుండా తీసి సీసాలో ఉంచి, మూతికి పలుచటి గుడ్డ కట్టు. బయటికి వచ్చిన ప్రతిదాన్నీ గూడు కట్టినదాని సంతానం అనుకోకు. కోయిలలా పరాయి గూటిలో గుడ్డు పెట్టే, ఆకుపచ్చగా మెరిసే కందిరీగలూ ఉన్నాయి.

నమూనాను భద్రపరిచేటప్పుడు సూదిని వక్షానికి కుడివైపు గుచ్చితే ఎడమవైపు పరిశీలనకు చెడకుండా మిగులుతుంది. ఊరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, పట్టినవారి పేరు అదే రోజు చీటీపై రాయి. చీటీ లేని నమూనా ఎంత అరుదైనదైనా దాదాపు నిష్ప్రయోజనం. ఒకదాన్ని 95 శాతం ఆల్కహాల్‌లో ఉంచితే డీఎన్ఏ బార్‌కోడ్‌కు, అంటే చిన్న డీఎన్ఏ ముక్కను చదివి జాతిని పోల్చుకునే పద్ధతికి పనికివస్తుంది, కానీ ఆ డీఎన్ఏ తేడా ఒక్కటే చూపి కొత్త జాతి అనడం నాకు సమ్మతం కాదు.

పాత వర్ణనలను మన ప్రాంతపు కందిరీగలు, తేనెటీగలపై బింగ్‌హామ్ రాసిన 1897 నాటి సంపుటంతో మొదలుపెట్టు. అక్కడితో ఆగకు, ఆనాటి ప్రజాతి పేర్లు చాలా మారాయి, శ్రీలంక నుంచో జావా నుంచో వర్ణించిన జాతి మన దగ్గర కనిపించవచ్చు. మన దేశపు పాత హోలోటైపులు, అంటే జాతికి పేరు పెట్టినప్పుడు దానికి ఆధారంగా ఎంచుకున్న ఒక్కో నమూనా, అనేకం లండన్, ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలలో ఉన్నాయి కాబట్టి ఫొటోలు అడిగి తెప్పించుకుని, ముఖపు పలక ఆకారం, నడుము పొడవు వెడల్పులు, ఒంటిపై సూదిపోట్లవంటి గుంటలు, మగదాని జననాంగాలు ఒక్కొక్కటిగా పోల్చు.

అప్పటికీ కొత్తదే అనిపిస్తే ఒక్క నమూనాను హోలోటైపుగా నిర్ణయించి, 2002 నాటి జీవవైవిధ్య చట్టం కోరినట్టు గుర్తింపు పొందిన భాండాగారానికి అప్పగించాలి. కోల్‌కతాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థ అటువంటిదే. నీ సొంత పెట్టెలో దాచుకోవద్దు.

నీ దగ్గరున్న మూడూ ఆడవే అన్నావు. వానలు వెలిశాక అదే గట్టుకు వెళ్లి మగదానికోసం వెతుకు. గూడు కనిపిస్తే ముందు ఫొటో తీసి, ఆ తరువాతే చెయ్యి వెయ్యి.

మామయ్య