ఎఫ్-టైప్ కొనాలా, కేమన్ కొనాలా? తిరుపతి ఘాట్లలో బండి నడిపిన అనుభవంతో నా జవాబు

మీరు రాసింది ఇది: ఉండేది తిరుపతిలో, సెకండ్ హ్యాండ్‌లో రెండు స్పోర్ట్స్ కార్లు చూసి పెట్టుకున్నారు. ఒకటి జాగ్వార్ ఎఫ్-టైప్ వీ6 (ఆరు సిలిండర్ల ఇంజన్) కూపే, అంటే రెండు తలుపుల బండి; ఇంకొకటి పోర్షే కేమన్ 981 (కేమన్‌లో ఒక తరం బండ్లకు ఉన్న నంబరు అది), 2.7 లీటర్ల ఇంజన్‌ది. ధర కాస్త అటూ ఇటూగా ఒకటే. ఎఫ్-టైప్ చూసొచ్చిన రోజు నుంచి మనసు దాని మీదే ఉంది, నడపడం తెలిసినవాళ్లు మాత్రం కేమన్ అంటున్నారు. "ఇంత డబ్బు పోసి కొనే బండి చూడ్డానికి బాగుండాలి కదా, అందులో తప్పేముంది?" అని అడిగారు.

తప్పేమీ లేదు. అయినా కేమనే తీసుకోండి అంటాను. ఎందుకో చెప్పాలంటే నా మొదటి బండి దగ్గర మొదలుపెట్టాలి.

2018లో కొన్నాను. మాకు చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. చిన్నప్పటి నుంచి ఉన్న కోరిక, చేతిలో డబ్బు ఉన్నప్పుడే తీర్చుకుందామని బెంగళూరు పోయి తెచ్చుకున్నా. ఏ కంపెనీదో ఇక్కడ చెప్పను, ఎందుకంటే తయారుచేసినవాళ్ల తప్పు కాదు, నేను ఎంచుకున్న తీరులోనే ఉంది తప్పు. పొడవాటి బానెట్, వెనక్కి వాలిన పైకప్పు, ఎర్ర రంగు, ముందు పెద్ద ఇంజన్, 20 అంగుళాల అలాయ్ చక్రాలు. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగి నేరుగా కాణిపాకం తీసుకెళ్లి పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేలోపే చుట్టూ జనం చేరారు. పిల్లలు ఫోటోలు దిగారు. మా నాయన బానెట్ మీద చేయి వేసి నిలబడిన తీరు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. అందుకే, అందం ఇచ్చే సంతోషం ఉత్తదని నేనెప్పుడూ అనను.

కానీ నడపడం మొదలుపెట్టాక సంగతి వేరైంది. మదనపల్లె దారిలో చంద్రగిరి, రంగంపేట దాటాక వచ్చే భాకరాపేట ఘాట్ మీకు తెలిసే ఉంటుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, ఎదురుగా టమోటా లోడుతో వచ్చే లారీలు. ఆ మలుపుల్లో నా బండి స్టీరింగ్ తిప్పితే తిరిగేది, అంతే. ముందు టైర్లు రోడ్డును ఎంత గట్టిగా పట్టుకున్నాయో చేతికి తెలిసేది కాదు. కుడి మలుపు వస్తే ముందు అద్దం పక్కనుండే లావాటి పిల్లర్ రోడ్డునంతా మింగేసేది, మెడ చాపి చూడాల్సి వచ్చేది. బానెట్ ఎక్కడ అయిపోతుందో అంచనా దొరికేది కాదు. యాక్సిలరేటర్ రవ్వంత నొక్కితేనే తర్వాతి మలుపు మీద పడేవాళ్లం, వెంటనే బ్రేకు. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వచ్చేది. ఒకసారి కిందికి దిగాక నా చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. మా ఆవిడ పక్కనే కూర్చుని అంతా చూసి, "నువ్వు బండి నడిపినట్టు లేదు, మోసుకొచ్చినట్టు ఉంది" అనింది. అంతకంటే సరిగ్గా ఆ బండి గురించి ఇంకెవరూ చెప్పలేదు. రెండేళ్లలో ఆరు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. మిగతా రోజులన్నీ షెడ్డులో కవరు కప్పుకొని ఉండేది.

ఇంక కేమన్ సంగతి. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో నాతో చదివిన స్నేహితుడు ఒకడు చెన్నైలో స్థిరపడ్డాడు. వాడు 981 కేమన్‌లో కొండకు వచ్చాడు. అలిపిరిలో తనిఖీ అయ్యాక తాళం నా చేతిలో పెట్టి, "నువ్వే తోలు మామా" అన్నాడు.

తిరుమల ఘాట్ నియమం మనందరికీ తెలిసిందే. పైకి కనీసం 28 నిమిషాలు, కిందికి కనీసం 40 నిమిషాలు పట్టాలి. ఎక్కే దారి సుమారు 18 కిలోమీటర్లు, అంటే సగటున గంటకు 38 కిలోమీటర్ల లెక్క. 1944లో మొదలైన పాత ఘాట్ ఇప్పుడు దిగే దారి, అది దాదాపు 19 కిలోమీటర్లు. అక్కడ సగటు 30 కూడా దాటదు. ఆ నియమం ఉండాల్సిందే. అడవి జంతువులు, నడిచొచ్చే భక్తులు, బస్సులు ఉన్న దారి అది. నేను చెప్పాలనుకున్నది ఏమిటంటే, ఆ దారిలో 500 హార్స్‌పవర్ బండికీ పాత మారుతికీ ఇచ్చే సమయం ఒకటే. వేగాన్ని తీసేశాక బండిలో ఇంకేం మిగులుతుందో ఆ 28 నిమిషాల్లో తెలిసిపోతుంది. నా ఎర్ర బండిలో ఆ 28 నిమిషాలు చాలాసార్లు గడిపాను, ఏమీ మిగిలేది కాదు.

కేమన్‌లో 50 దాటకుండానే నాకు తెలియకుండా నవ్వు వచ్చేసింది. సీటు నేలకు దగ్గరగా ఉంటుంది, కాళ్లు ముందుకు చాపుకొని కూర్చుంటాం. అద్దంలోంచి చూస్తే ముందు చక్రాల మీద రేకు రెండు పక్కలా గుబురుగా లేచి కనిపిస్తుంది. చక్రం ఎక్కడుందో కళ్లకే తెలుస్తుంది, మలుపు లోపలి అంచుకు ఎంత దూరంలో పెట్టాలంటే అంత దూరంలో పెట్టొచ్చు. స్టీరింగ్ తిప్పేకొద్దీ బరువు పెరుగుతూ వస్తుంది. బ్రేక్ పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది. ఎంత నొక్కితే అంతే పట్టుకుంటుంది, రవ్వంత కూడా జాస్తి కాదు. ఇంజన్ వీపు వెనకే ఉంటుంది కాబట్టి ఆ శబ్దం చెవికంటే ముందు వెన్నుకు తెలుస్తుంది. పైన జీఎన్‌సీ టోల్‌గేట్ దగ్గర ఆగినప్పుడు మళ్లీ కిందికి పోయి ఇంకోసారి ఎక్కుదామా అనిపించింది. స్వామి దర్శనానికి పోతూ అట్లా అనిపించినందుకు లెంపలేసుకున్నాను కూడా.

ఇందులో మాయేమీ లేదు. ఇంజన్ నడిమధ్యలో, రెండు ఇరుసుల మధ్య ఉండడమే అసలు కారణం. నీళ్ల బిందెను చంకన పెట్టుకొని గిర్రున తిరగడం తేలిక, అదే బిందెను చేతులు ముందుకు చాపి పట్టుకొని తిరగాలంటే ఒళ్లు తూలుతుంది. ముందు పెద్ద ఇంజన్ ఉన్న బండి మలుపులో ముక్కును బయటికి ఈడుస్తుంది, టైర్లు దానితో పోట్లాడాలి. దానికి తోడు బరువు. 2.7 కేమన్ పీడీకే (పోర్షే ఆటోమేటిక్) గేర్‌బాక్స్‌తో దాదాపు 1,340 కిలోలు, ఇంజన్ 275 హార్స్‌పవర్. ఎఫ్-టైప్ వీ6 కూపే దాదాపు 1,580 కిలోలు, వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) ఉన్న ఎఫ్-టైప్ ఆర్ అయితే 1,650. ఆ రెండు వందల చిల్లర కిలోలు హైవే మీద తెలియవు. ఘాట్‌లో ప్రతి బ్రేకుకీ, ప్రతి మలుపుకీ తెలుస్తాయి.

హార్స్‌పవర్ చూసి మోసపోవద్దని గట్టిగా చెప్తాను. 275 అంటే తక్కువ అనిపిస్తుంది కదా. ఆ బండి రెండో గేరులోనే వంద దాకా పోతుంది. భాకరాపేట ఘాట్‌లో రెండో గేరు మొత్తం వాడే తావే లేదు. నిజం చెప్పాలంటే కేమన్ కూడా మన రోడ్లకు అవసరానికి మించిన బండే. నడపడంలో సుఖం అనే మాట వస్తే ప్రపంచమంతా మొదట తలుచుకునే బండ్లలో మజ్దా ఎంఎక్స్-5 ఒకటి. 1989 నుంచి వస్తోంది, బరువు టన్ను చుట్టుపక్కలే, శక్తి కూడా ఓ మోస్తరే. 1996లో వచ్చిన మొదటి లోటస్ ఎలీస్ 725 కిలోల చుట్టూ, 120 హార్స్‌పవర్ లోపే. మజ్దా మన దేశంలో అమ్మడమే లేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మనకు దొరికే వాటిలో ఆ దారిన నడిచే బండి కేమన్.

ఎఫ్-టైప్ గురించి అన్యాయంగా మాట్లాడను. ఇయాన్ కాలమ్ జాగ్వార్ డిజైన్ చూసుకున్న కాలంలో వచ్చిన బండి అది, ఈ పదిహేనేళ్లలో వచ్చిన అందమైన కూపేల్లో ఒకటి. వెనక చక్రాల మీద ఆ భుజాలు, సన్నటి దీపాలు చూస్తే ఎవరికైనా మనసు పోతుంది. వీ6 శబ్దం వినడానికి ఎంతో బాగుంటుంది. రేణిగుంట మీదుగా నాయుడుపేట హైవే ఎక్కి చెన్నై పోయి రావడమే మీ వాడకమైతే, వారానికోసారి దాన్ని వాకిట్లో కడిగి తుడిచి చూసుకోవడమే మీకు సగం ఆనందమైతే, ఎఫ్-టైప్ కొనుక్కోండి, నేను కాదనను. వీ8 మాత్రం వద్దు, వీ6 చాలు, ముక్కు తేలిగ్గా ఉంటుంది. కానీ మీ ప్రశ్నలో ఒక వాక్యం ఉంది: "వారమంతా లాప్‌టాప్ ముందు కూర్చుంటాను, ఆదివారం పొద్దున ఒక్క రెండు గంటలు నా కోసం నడపాలి." నా జవాబంతా ఆ వాక్యానికే.

అందం విషయంలో ఒక్క మాట. బండి అందాన్ని మనం బయట నిలబడి చూసి మురిసిపోతాం, కానీ అందులో ఉన్నంతసేపూ మనకు కనిపించేది స్టీరింగ్, మీటర్లు, బానెట్ అంచు, ఎదుటి రోడ్డు. మీ బండి నిండు అందం చూసేది లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో పక్కన ఆగినాయన. అందుకే రెండు బండ్లనూ డ్రైవర్ సీట్లో కూర్చుని మళ్లీ చూడండి. నాకు కేమన్ లోపలి నుంచే అందంగా కనిపించింది, ఆ రెండు రేకు గుబురుల మధ్యలోంచి రోడ్డు వస్తూ ఉంటే.

టెస్ట్ డ్రైవ్ హైవే మీద చేయొద్దు. తిన్నటి రోడ్డు మీద ఖరీదైన ప్రతి బండీ బాగానే పోతుంది. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే తెల్లవారుజామున ఘాట్ దారికి తీసుకెళ్లండి, పాటలు ఆపేయండి, 40 నుంచి 50 మధ్యే పోండి. ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్లకు వాంతి వచ్చేట్టు ఉంటే మీరు సాఫీగా నడపలేకపోతున్నారని అర్థం, బండి మీకు సాయం చేయడం లేదని అర్థం. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లు కూడా దాటించి చూడండి. రెండూ కిందికి ఉండే బండ్లే, ఏటవాలుగా ఒక్కో చక్రం ఎక్కించాలి. మీ ఇంటి ముందు ర్యాంపు నిటారుగా ఉంటే ముందు మేస్త్రీని పిలిపించండి, తర్వాత బండి కొనండి.

అలాయ్‌ల దగ్గర అందానికీ సుఖానికీ సూటిగా గొడవ వస్తుంది. 20 అంగుళాలవి చూడ్డానికి నిండుగా ఉంటాయి, కానీ టైరు పక్కగోడ సన్నబడిపోయి ప్రతి గుంతా నడుముకు తగులుతుంది, రిమ్ము వంగే ప్రమాదం కూడా జాస్తి. కేమన్‌కు 18 గానీ 19 గానీ ఉన్నది వెతకండి. టైర్ల వయసు తప్పకుండా చూడండి. ఇలాంటి బండ్లు తక్కువ తిరుగుతాయి, అరుగు లేకపోయినా రబ్బరు గట్టిపడి పోయుంటుంది. సత్యవేడు పక్క టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసే మా పిన్ని కొడుకు నాకు నేర్పింది ఇది: టైరు పక్కన చివరి నాలుగు అంకెలు 2319 అని ఉంటే 2019వ ఏడు 23వ వారంలో చేసినది. ఐదారేళ్లు దాటి ఉంటే కొత్తవి వేయించే ఖర్చు బేరంలోనే కలుపుకోండి. కేమన్‌కు ముందు బంపర్ మూలల్లో రేడియేటర్లు ఉంటాయి, ఆ గాలి రంధ్రాల్లో ఎండుటాకులు చేరి మూసుకుపోతాయి. టార్చి వేసి చూడండి. మన మే నెల ఎండలకు అది చిన్న విషయం కాదు. సర్వీసుకు చెన్నైకో బెంగళూరుకో పోవాల్సిందే, దానికి సిద్ధపడే దిగండి.

వేగంగా తోలాలన్న కోరిక కూడా ఉంటుంది, నాకూ ఉంది. దానికి ఘాట్ తావు కాదు. శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, 3.7 కిలోమీటర్ల చుట్టు, 12 మలుపులు. మామూలు మనుషులు సొంత బండ్లతో తిరిగే ట్రాక్ రోజులు జరుగుతుంటాయి. నేను ఒక్క రోజు పోయొచ్చాక ఘాట్‌లో ఇంకా నెమ్మదిగా, ఇంకా సుఖంగా నడపడం వచ్చింది.

2021లో ఎర్ర బండి అమ్మి బూడిద రంగు 981 తెచ్చుకున్నాను. కాణిపాకంలో పూజ చేయించినప్పుడు పెద్దగా ఎవరూ చేరలేదు. మా నాయన ఈ రోజుకీ "ఆ ఎర్రదే బాగుండేది రా" అంటాడు. ఆయన బయటి నుంచి చూసే మనిషి, ఆయన లెక్కకు అది నిజమే. నా లెక్కకు ఈ బండి నాలుగేళ్లలో 31,000 కిలోమీటర్లు తిరిగింది. హార్స్లీ కొండకు ఎన్నిసార్లు పోయొచ్చానో గుర్తులేదు.

మీరు తిరుపతిలోనే ఉన్నారు కాబట్టి మాటలతో ఎందుకు, ఏదో ఒక ఆదివారం పొద్దున ఐదున్నరకు చంద్రగిరి కోట దగ్గరికి రండి. భాకరాపేట దాకా నేను తోలుతాను, వచ్చేటప్పుడు మీరు తోలండి. పల్చటి అట్ట ఉన్న బూట్లు వేసుకొని రండి, మందపాటివి వేసుకుంటే బ్రేక్ పెడల్ చెప్పేది కాలికి తెలియదు.