అమెరికా యుద్ధాల్లో టెన్నెసీ పాత్ర ఏమిటి? దాన్ని వాలంటీర్ స్టేట్ అని ఎందుకంటారు?

తొమ్మిదేళ్లుగా తూర్పు టెన్నెసీలోని నాక్స్‌విల్‌లో ఉంటున్నా, కాబట్టి దీనికి జవాబు రాసే హక్కు నాకుందనుకుంటున్నా. టెన్నెసీ అనగానే మనవాళ్లు అడిగేది ఒకటే: "అట్లాంటాకు ఎంత దూరం?" ఇండియా నుంచి వచ్చినవాళ్లైతే నయాగరా చూపించు అంటారు. మా ఇంటి నుంచి నయాగరా ఎంత దూరమో ఎవరికీ పట్టదు.

ముందు పేరు సంగతి తేల్చేస్తా. 1812లో బ్రిటన్‌తో యుద్ధంలో ఇక్కడివాళ్లు పిలవగానే వాలంటీర్లుగా కదిలారు, పేరు అలా వచ్చిందే. 1846లో మెక్సికో మీద యుద్ధానికి 2,800 మంది కావాలంటే 30,000 మంది వచ్చారని గొప్పగా చెప్పుకుంటారు. అంతర్యుద్ధంలో అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల్లో టెన్నెసీ అందరికంటే ఆఖరున విడిపోయింది, 1866లో అందరికంటే ముందు తిరిగి చేరింది. మా తూర్పు వైపు జనం విడిపోవద్దనే ఓటేశారు. ఆ యుద్ధంలో ఇక్కడ జరిగిన షైలో, ఫ్రాంక్లిన్ పోరాటాల గురించి ఎవరైనా చెబుతారు, నేను చెప్పను.

నా లెక్కలో ఈ రాష్ట్రం యుద్ధానికి ఇచ్చిన పెద్ద ముడుపు భూమి. ఇచ్చినవాళ్లలో వాలంటీర్ ఒక్కడూ లేడు.

1942లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, నాక్స్‌విల్‌కు పడమరగా సుమారు 60,000 ఎకరాలు ప్రభుత్వం తీసుకుంది. దాదాపు 3,000 మంది ఇళ్లు వదలాలి. చేలో పంట ఉండగానే తలుపులకు నోటీసులు కొట్టారు. కొందరికి రెండు మూడు వారాలే గడువు. ఎందుకో చెప్పలేదు. వాళ్లలో కొన్ని కుటుంబాలు 1936లో కట్టిన నారిస్ డ్యామ్ కింద ఒకసారి ఊరు పోగొట్టుకుని వచ్చినవే. అణుబాంబు పని కోసం అక్కడ రహస్యంగా వెలసిందే ఓక్ రిడ్జ్. 1945కల్లా 75,000 మంది ఉన్నా మ్యాపులో లేని ఊరు. హిరోషిమా బాంబులోని యురేనియం ఇక్కడ శుద్ధి చేసిందే. రాగి చాలక ట్రెజరీ నుంచి 14,700 టన్నుల వెండి అరువు తెచ్చి, యురేనియం వేరుచేసే యంత్రాల అయస్కాంతాలకు చుట్టారంటే చూడండి. హైస్కూలు దాటిన పల్లెటూరి ఆడపిల్లలు ఆ యంత్రాల ముందు రోజంతా మీటరు ముల్లు చూస్తూ నాబ్ తిప్పేవాళ్లు, దేనికో తెలీకుండానే. ఇక్కడ చూసింది, విన్నది ఇక్కడే వదిలి వెళ్లమని మూడు కోతుల బొమ్మతో పెద్ద బోర్డు ఉండేది. యూట్యూబ్ నిండా ఈ వెండి కథలూ, సైంటిస్టుల కథలే. ఖాళీ చేసి వెళ్లినవాళ్ల మీద పది నిమిషాల వీడియో వెతకండి, తెలుస్తుంది.

నాకెందుకింత పట్టింపు అంటే, మాది కర్నూలు జిల్లాలో శ్రీశైలం ముంపు ఊరు. నేను పుట్టేనాటికే నీళ్ల కింద ఉంది.

మొన్న నాయన వచ్చినప్పుడు, అలా ఖాళీ చేయించిన ఊళ్లలో ఒకటైన వీట్‌కు తీసుకెళ్లా. ఊరంటే ఊరు లేదు. 1901లో కట్టిన చర్చి ఒక్కటి, పక్కన సమాధులు. నాయన చెప్పులు మెట్ల దగ్గరే విడిచాడు. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు. రాళ్ల మీద పుట్టిన ఏడు, పోయిన ఏడు వేలితో తడుముతూ చదువుకున్నాడు.

"ఊరు యాడుంది రా?"

"ఇదే నాయనా, మనం నిలబడిందే."

"గుడొక్కటే ఇడిసినారా." కాసేపాగి, "మన సంగమేశ్వరుడు నయం, ఎండాకాలం నీళ్లు తగ్గితే బయటికొస్తాడు. మనిండ్లు మనమే పగలగొట్టి దూలాలు బండ్లకెత్తుకుంటిమి."

భూమికి డబ్బులు తక్కువ కట్టారని ఇక్కడివాళ్లు కూడా పోట్లాడారని చెప్పా. గట్టిగా నవ్వాడు. "ఈడ గూడ అదే కతనా!" పరిహారం కోసం మా తాత ఆఫీసు చుట్టూ ఎన్నేళ్లు తిరిగాడో మా ఇంట్లో ఇప్పటికీ లెక్క తేలదు. ఒక్కో బాబాయి ఒక్కో అంకె చెబుతాడు.

వీట్ ఊరివాళ్ల పిల్లలూ మనవళ్లూ ఏటా అక్టోబరులో ఆ చర్చి దగ్గర కలుసుకుంటారు. అది విన్నాక నాయన, "మనోళ్లు యాడ కలుస్తార్రా, పెండ్లిండ్లల్లో తప్ప?" అన్నాడు. ఆ పెళ్లిళ్లు కూడా ఇప్పుడు హైదరాబాదు ఫంక్షన్ హాళ్లలోనే కదా. అన్నం తినేలోపే కుర్చీ ఖాళీ చేయమంటారు.

తిరిగి వస్తూ పిల్లలు అడిగారని నారిస్ డ్యామ్ వైపు తిప్పా. నాయన కారు దిగలేదు. కాళ్లు నొప్పులన్నాడు. మేం చూసి వచ్చేసరికి అద్దం సగం దించుకుని, డ్యామ్‌కు వీపు పెట్టి కూర్చుని, పల్లీలు ఒలుచుకుంటున్నాడు.