సంస్కృతి వచ్చాక మనిషిలో జీవపరిణామం ఆగిపోయిందా?

ఆగలేదు; మనం ఏం తింటాం, ఏం పెంచుతాం అన్న అలవాట్లే ఏ జన్యువు నిలబడాలో కొంతవరకు తేలుస్తూ వచ్చాయి. అలవాటు మారితే బతుకు తీరు మారుతుంది. ఆ తీరుకు పనికొచ్చే జన్యువు ఉన్నవాళ్లకు ఎక్కువమంది పిల్లలు మిగులుతారు.

పాలే తీసుకోండి. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ పసితనంలో బాగా తయారవుతుంది, పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. గత 10,000 ఏళ్లలో పశువులను మచ్చిక చేసుకుని పాల మీద బతికిన కొన్ని సమాజాల్లో మాత్రం అది తగ్గకుండా చేసే జన్యుమార్పులు బాగా వ్యాపించాయి. యూరప్‌లో ఒకటి, తూర్పు ఆఫ్రికాలో వేరేవి. మన వాయవ్య రాష్ట్రాలతో పోలిస్తే దక్షిణాదిలో ఈ మార్పు ఉన్నవాళ్లు తక్కువ.

అందుకే పలమనేరు, పుంగనూరు వైపు పాడి ఉన్న ఇళ్లలో కూడా గ్లాసుడు పాలు తాగితే కడుపు ఉబ్బరించేవాళ్లు ఉండొచ్చు. వాళ్లే పెరుగన్నం హాయిగా తినగలరు. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు వేసి తోడు పెడితే, రాత్రికి రాత్రే బాక్టీరియా లాక్టోజ్‌లో కొంత భాగాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. ఒకచోట జన్యువు చేసిన పనిని ఇక్కడ పెరుగు కుండ చేసింది. ఈ విషయంలో అసలు గమనించాల్సింది ఇదే.

రోజూ పాలు తాగితే జన్యువే మారుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. జన్యుమార్పు యాదృచ్ఛికంగా వస్తుంది. అది వ్యాపించడానికి అనువైన పరిస్థితిని మాత్రమే అలవాటు కల్పిస్తుంది, అదీ వందల తరాల మీద.