వెబ్‌హుక్ ముందు జవాబివ్వాలి, పని తరువాత చూసుకోవచ్చు

లక్షమంది వాడినా తట్టుకునే టెలిగ్రామ్ చాట్‌బాట్‌ను పైథాన్‌లో రాయాలా, గోలో రాయాలా అని మీరు అడిగారు. భాష గురించి అంత మథనపడనక్కరలేదు. నేను చూసిన బాట్లలో చాలావరకు, సందేశాన్ని అందుకోవడమూ దాని పని పూర్తిచేయడమూ ఒకే ఫంక్షన్‌లో కలిపేసినందుకే కుప్పకూలాయి. వాటిలో మొదటిది నాదే.

ఒక శిక్షణ సంస్థకు పరీక్షా ఫలితాలు పంపే బాట్ రాసి ఇచ్చాను. విద్యార్థి రోల్ నంబర్ పంపితే డేటాబేస్‌లో వెతికి, మార్కుల పత్రాన్ని పీడీఎఫ్‌గా తయారుచేసి పంపిన తరువాతే నా వెబ్‌హుక్ (కొత్త సందేశం రాగానే టెలిగ్రామ్ పిలిచే నా సర్వర్ చిరునామా) టెలిగ్రామ్‌కు 200, అంటే ‘అందింది’ అని జవాబిచ్చేది. ఫలితాలు వెలువడిన సాయంత్రం అందరూ ఒక్కసారిగా వచ్చిపడ్డారు. జవాబు ఆలస్యమైనప్పుడల్లా అదే అప్‌డేట్ (సందేశం వచ్చిందని టెలిగ్రామ్ పంపే కబురు) మళ్లీ వచ్చేది, నా బాట్ దాన్ని కొత్తదనుకుని మరో పీడీఎఫ్ తయారుచేసేది. ఒకరికి ఒకే పత్రం ఆరుసార్లు చేరితే, మరొకరికి ఒక్కసారీ చేరలేదు. పెండింగ్ అప్‌డేట్ల సంఖ్య చూస్తుండగానే పెరిగిపోతుంటే, కంగారులో మరో రెండు సర్వర్లు చేర్చాను. అవీ అదే డేటాబేస్ మీద పడడంతో, అంతవరకు ఎలాగో ఈడ్చుకొస్తున్న ఆ డేటాబేస్ కనెక్షన్లు చాలక పూర్తిగా చతికిలపడింది.

ఆ రాత్రే మార్చి రాశాను. అప్‌డేట్ ఐడీ ఇదివరకు చూసినదైతే వదిలేయడం, కాకపోతే రెడిస్ (మెమరీలో డేటా ఉంచే సాఫ్ట్‌వేర్) క్యూలో, అంటే పనుల వరుసలో వేయడం, వెంటనే 200 చెప్పడం: వెబ్‌హుక్ ఇంతకుమించి ఏమీ చేయదు. మిగిలినదంతా వెనకనున్న వర్కర్లు, అంటే క్యూలోంచి ఒక్కో పనీ తీసి చేసే ప్రోగ్రాములు చూసుకుంటాయి. అయితే ఒక చాట్ సందేశాలన్నీ ఒకే వర్కర్‌కు వెళ్లేలా చూడాలి, లేకపోతే రెండో ప్రశ్నకు జవాబు మొదటిదానికంటే ముందు చేరుతుంది.

పంపే వైపూ క్యూ ఉండవలసిందే. ఉచితంగా పంపేటప్పుడు టెలిగ్రామ్ పరిమితి సెకనుకు సుమారు 30 సందేశాలు కనుక, 60,000 మందికి ఒక ప్రకటన చేరడానికి అరగంట దాటుతుంది. ఎంత పెద్ద సర్వర్ కొన్నా ఆ లెక్క మారదు. 429 (‘పరిమితి దాటావు, ఆగు’ అనే జవాబు) వచ్చినప్పుడు అది చెప్పినన్ని సెకన్లు ఆగకుండా మళ్లీ మళ్లీ తలుపు బాదే కోడ్ ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. పదిమంది వాడుకరులైనా లేని బాట్‌కు, అనేక సర్వర్లను కలిపి నడిపే కూబర్నెటీస్ పటాలు గీసేవారు ఈ రెండు క్యూల గురించి మాత్రం అడగరు.

నా బాట్ నేటికీ పైథాన్‌లోనే, ఆనాటి ఒక్క సర్వర్ మీదే నడుస్తోంది. కంగారులో చేర్చిన రెండింటినీ మరుసటి వారమే తీసేశాను.