మారిషస్‌కు స్వాతంత్ర్యం ‘వచ్చిందా’, ‘ఇచ్చారా’?

సందేహం: మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టులో ‘1968లో మారిషస్‌కు బ్రిటన్ స్వతంత్రం ఇచ్చి గణతంత్ర దేశం చేసింది’ అని రాసింది. ‘ఇచ్చింది కాదు, సాధించుకుంది అనాలి’ అని నేను దిద్దాను. ‘వచ్చింది అంటే చాలదా’ అన్నారు మా నాన్నగారు. ఏది సరి?

సమాధానం: మీ నాన్నగారి మాటకే నా ఓటు. ‘వచ్చింది’ అంటే దానంతటదే ఊడిపడిందని కాదు. తెలుగులో చదువు వస్తుంది, ఉద్యోగం వస్తుంది, ఈత వస్తుంది. చెరువులో దిగి నాలుగు గుక్కల నీళ్లు మింగనివాడికి ఈత రాదు. అయినా ‘నాకు ఈత వచ్చింది’ అనే అంటాం. ఆ ‘కు’ ప్రత్యయం, ఆ క్రియ కలిసి ‘ఇక ఇది నాది’ అని చెబుతాయి.

‘ఇచ్చింది’ అంటే సొత్తు ఇచ్చినవాడిదే అనిపిస్తుంది. ఆ దీవిని బ్రిటన్ 1810లో ఫ్రెంచివారి దగ్గర యుద్ధం చేసి గుంజుకుంది. చెరకు తోటల కోసం 1834 నుంచి మన దేశపు కూలీలను ఒప్పందాల మీద ఓడలెక్కించింది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడ ‘కోరంగీలు’ అనే పేరుపడింది. కూలీలు దిగిన మెట్లు పోర్ట్ లూయిస్ రేవులో ఇప్పటికీ ఉన్నాయి. ఆ మెట్లెక్కినవాళ్ల మనవలు, మునిమనవలు ఓటేసి తెచ్చుకున్నదాన్ని ‘ఇచ్చారు’ అనడానికి నాకు మనసొప్పదు.

‘సాధించుకుంది’ తప్పు కాదు. కాకపోతే దేశమంతా ఒక్క తాటిమీద నిలబడినట్టు వినిపిస్తుంది. 1967 ఆగస్టు ఎన్నికల్లో స్వాతంత్ర్యం కావాలన్న శివసాగర్ రాంగులాం కూటమి గెలిచింది గానీ, వద్దన్న గేటాన్ దువాల్ పార్టీకి కూడా నూటికి నలభైకి పైగా ఓట్లు పడ్డాయి. ‘వచ్చింది’ అంటే ఈ రెండు వర్గాలకూ సరిపోతుంది.

ఇక ‘గణతంత్రం’ అన్న మాట 1968కి నప్పదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా బ్రిటన్ రాణే దేశాధినేతగా కొనసాగింది. మారిషస్ గణతంత్రమైంది 1992 మార్చి 12న. మన ఆగస్టు 15కీ జనవరి 26కీ ఉన్న తేడాయే ఇదీ.

‘సంపూర్ణ స్వాతంత్ర్యం’ అని మాత్రం రాయనివ్వకండి. 1965లోనే బ్రిటన్ చాగోస్ దీవులను మారిషస్ నుంచి విడదీసి తన దగ్గర ఉంచుకుంది. తర్వాత అక్కడి జనాన్ని పుట్టిన ఇళ్ల నుంచి వెళ్లగొట్టింది. మారిషస్ వలస విముక్తి చట్టప్రకారం పూర్తి కాలేదని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో అభిప్రాయం చెప్పింది. ఇంత బాధ వెనక ఉన్నప్పుడు ‘సంపూర్ణ’ అన్న విశేషణం అలవాటుగా పడిపోకూడదు.

ఇంకొకటి. మాటల్లో ‘స్వతంత్రం వచ్చింది’ అంటాం, ఇబ్బందేమీ లేదు. రాతలో మాత్రం ‘స్వతంత్ర’ విశేషణం, స్వతంత్ర దేశం అన్నట్టు. నామవాచకం ‘స్వాతంత్ర్యం’. కాబట్టి అమ్మాయిని ఇలా రాయమనండి: ‘1968 మార్చి 12న మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చింది.’